గురువారం పోట్లాట

ఆ సబ్బుల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ బావా అనే పిలుస్తారు. అలా పిలిచే హక్కు నిజానికి ఒక్కడికే ఉంది, అక్కడే ఫిట్టరుగా చేసే అతని బావమరిదికి. కానీ ఆ బావమరిది గొంతు మామూలుది కాదు. మిక్సరు దగ్గర నిలబడి "బావా" అన్నాడంటే గేటు దగ్గరున్న వాచ్‌మన్ కూడా ఉలిక్కిపడి వెనక్కి తిరగాల్సిందే. ఏళ్ళ తరబడి ఆ కేక వినీ వినీ ప్యాకింగులో ఆడవాళ్ళూ, లారీ డ్రైవర్లూ, క్యాంటీనువాడూ అతనితో వరస కలిపేసుకున్నారు. కొత్తగా వచ్చిన మేనేజరుగారు కొన్నాళ్ళు పద్ధతిగా పేరుపెట్టి పిలిచి చూశారు. ఆ పేరు ఎవరిదో ఎవరికీ గుర్తు రాకపోయేసరికి ఆయన కూడా "బావగారూ" లోకి దిగిపోయారు.

బావ ఉద్యోగం ఏమిటంటే, చెడిపోని యంత్రాల్ని బాగుచెయ్యడం. వెటకారంగా అంటున్నానని అనుకోకండి, అక్షరాలా అదే అతని పని. చక్కగా తిరుగుతున్న బేరింగును మార్చేస్తాడు. తెగని బెల్టును తీసి పక్కన పడేస్తాడు. వదులు కాని బోల్టును బిగిస్తాడు. గ్రీజు తుపాకీ భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరి, పాత గ్రీజు తుడిచి కొత్తది నింపుతాడు. తక్కువైతే యంత్రం ఎండిపోతుంది, ఎక్కువైతే వేడెక్కుతుంది, ఎంత పెట్టాలో అతని చేతికి తెలుసు.

ఇంత చేసినా అతన్ని మెచ్చుకున్నవాడు లేడు. లోకం తీరే అంత. యంత్రం మొరాయించి కూర్చుంటే బావమరిది చొక్కా చేతులు పైకి మడుచుకుని రంగంలోకి దిగుతాడు, ఒళ్ళంతా నల్లగా చేసుకుంటాడు, చివరికి అది కదిలినప్పుడు ఫ్లోరంతా చప్పట్లు. మరి అది అసలు మొరాయించకుండా చూసినవాడికి? ఏమీ జరగలేదని ఎవడైనా చప్పట్లు కొడతాడా? కొట్టడు. పైగా బావమరిది వచ్చి, "నీ పుణ్యమా అని నా చేతులు తుప్పు పట్టిపోతున్నాయి బావా. ఒక్కటంటే ఒక్కటి చెడనివ్వు, నీకు క్యాంటీన్‌లో టీ తాగిస్తా," అని బతిమాలేవాడు.

బావ తెచ్చిన పద్ధతుల్లో అన్నిటికంటే పేరుమోసింది గురువారం ఆపు. గురువారం మధ్యాహ్నం భోజనాల తర్వాత, ఎంత బాగా నడుస్తున్నా సరే, లైనంతా ఆగిపోవాల్సిందే. ఆర్డర్లు ముంచుకొస్తున్నాయన్నా, లారీలు నిలబడ్డాయన్నా అతని దగ్గర పప్పులుడకవు. "మనం ఆపకపోతే అదే ఆగుతుంది. అది ఆగేటప్పుడు మనల్ని అడిగి ఆగదు," అనేవాడు. మేనేజరుగారు తెలివైన మనిషి కాబట్టి ఆ గురువారాల జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ లైనులో అసలు యజమానురాలు ఒక పెద్ద యంత్రం. వెచ్చగా మెత్తగా ఉన్న సబ్బును లోపల నొక్కి నొక్కి పొడుగాటి కడ్డీలా బయటికి తోస్తుంది. ఆ కడ్డీ వస్తేనే తర్వాతవాళ్ళు ముక్కలు కోసేది, అచ్చు వేసేది, కాగితం చుట్టేది. ఖాళీ చెయ్యకుండా ఇది మధ్యలో ఆగిందా, లోపలున్న సబ్బు గడ్డకట్టి రాయైపోతుంది, దాన్ని ఉలీ సుత్తీ పెట్టి రోజుల తరబడి చెక్కుకోవాలి. బావ రోజూ పొద్దున్నే దీని ముందు తలొంచుకుని నిలబడేవాడు కాబట్టి ప్యాకింగు ఆడవాళ్ళు దీనికి అత్తగారు అని పేరు పెట్టారు. తలొంచడం భయంతో కాదు, వినడానికి. అతని దగ్గర చెక్క పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటుంది. దాని మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి అదిమిపెట్టి, కళ్ళు మూసుకునేవాడు. లోపల ఏం జరుగుతోందో అదే చెప్పేది. మేనేజరుగారు అదుర్లు కొలిచే మీటరు ఒకటి తెప్పించి ఇస్తే బావ దాన్ని గౌరవంగా అందుకుని, డబ్బాతో సహా బీరువాలో భద్రపరిచాడు. బావ విని "బాగుంది" అన్నాక ఇక ఆ ఫ్యాక్టరీలో ఎవరూ నోరెత్తరు.

ఇక ఇంటి సంగతి. బావ భార్య వరసకి మేనమామ కూతురే కాబట్టి అక్కడా అతను బావే. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో వాళ్ళందరికీ బట్టలు కుడుతుంది. పెళ్ళైన కొత్తలో ఆమె ఏదీ పైకి అనేది కాదు. అన్నీ కడుపులో దాచుకుని దాచుకుని ఒకరోజు, గ్రీజు చేతులు తువ్వాలుకు తుడిచాడనే చిన్న సాకుతో, కుట్టుమిషను తలకాయ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని రిక్షా ఎక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది. బావ కాళ్ళావేళ్ళా పడి వెనక్కి తెచ్చుకున్నాడు. వచ్చేటప్పుడు దారిలో మిషను తలకాయ అతని ఒళ్ళో ఉంది, ఒప్పందం కూడా ఆ రిక్షాలోనే కుదిరింది.

"చూడు, ఇలా ఉన్నట్టుండి ఆగిపోతే నా వల్ల కాదు," అన్నాడు. "వారానికో పూట మనమే ఆపుదాం. ఉన్నవన్నీ ఆ పూట చెప్పేసుకుందాం."

"ఏమీ లేకపోతే?"

"వెతికి మరీ చెప్పాలి. బాగున్నదాన్ని కూడా విప్పి చూడటమే పద్ధతి."

అలా మొదలైంది గురువారం పోట్లాట. ఫ్యాక్టరీ ఆపు ముగించుకుని అతను ఇంటికొచ్చి టీ తాగాక ఆమె మిషను ముందు, అతను మంచం మీద. టీ గ్లాసు కిటికీలో వదిలేశావని ఆమె, గుండుసూదులు నేలమీద చల్లావని అతను, గురక పెడతావని ఆమె, నువ్వు పెట్టవా అని అతను. గోరంతవి గోరంతగా ఉండగానే తేలిపోయేవి. మిగతా రోజుల్లో ఎవరికైనా కోపం వస్తే పళ్ళు బిగబట్టి "గురువారం చెప్తా నీ పని" అనుకునేవాళ్ళు, తీరా గురువారం వచ్చేసరికి సగం మర్చిపోయేవాళ్ళు. బిడ్డలు పెరిగి ఎవరి కాపురాలు వాళ్ళు చేసుకుంటున్నా ఈ పద్ధతి మాత్రం తప్పలేదు.

ఇలా ఉండగా ఈమధ్య బావకి అన్నీ కలిసొచ్చాయి. అత్తగారు మునుపెన్నడూ లేనంత నిశ్శబ్దంగా తిరుగుతోంది. మిక్సరు గొణుగుడు తగ్గింది. కాగితం చుట్టే మిషను టకటకలు కూడా మెత్తబడ్డాయి. కొత్త గ్రీజు మహిమే ఇదంతా అని క్యాంటీన్‌లో ఉపన్యాసాలిచ్చాడు. ఇంట్లోనూ అంతే. గురువారాలు చల్లగా గడిచిపోతున్నాయి. ఆమె గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, తల వంచి కుట్టుకుంటూ ఏదో రెండు ముక్కలు అంటుంది, అంతే. ఇన్నేళ్ళకి తన పద్ధతి ఫలించిందని బావ పొంగిపోయాడు. మనిషి కాస్త గర్వపడ్డాడు కూడా, దాచడమెందుకు.

ఒక్క బావమరిదే ఆ గర్వానికి అడ్డొచ్చాడు. "బావా, అత్తగారు మూలుగుతోంది," అన్నాడు ఒకరోజు.

బావ నవ్వాడు. వీడు ఇదివరకోసారి మిక్సరు వెనక నక్కి నోటితో కిచకిచమని చప్పుడు చేస్తే, ఆ చప్పుడు ఎక్కడిదో తెలియక బావ పూటంతా మిక్సరు చుట్టూ తిరిగాడు మరి. మళ్ళీ ఆ బుట్టలో పడదలుచుకోలేదు. అయినా స్క్రూడ్రైవరు తీసి ఆనించి విన్నాడు. లోపల ప్రశాంతంగా ఉంది. "బాగుంది," అన్నాడు. బావమరిది ఏదో అనబోయి, చుట్టూ చూసి, ఊరుకున్నాడు. ప్యాకింగు ఆడవాళ్ళకీ ఆ మూలుగు వినబడుతూనే ఉంది గానీ, బావ బాగుందన్నాక తమకెందుకని వాళ్ళూ ఊరుకున్నారు.

ఆ గురువారం కూడా ఆపు అయ్యాక అత్తగారిని తిరిగి తిప్పించి, విని, "బాగుంది" అని ఇంటికొచ్చాడు. ఆమె కుడుతోంది. అతను పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని టీ తాగుతున్నాడు. ఎదురింటావిడ ముఖం చిట్లించుకుని తన కిటికీ తలుపు వేసేసుకుంది. ఈవిడకేమైందో అనుకున్నాడు. కుట్టుమిషను వైపు ముచ్చటగా చూసి, "నడిస్తే ఇలా నడవాలి. నేను తెచ్చిన నూనె అలాంటిది," అన్నాడు.

ఆమె కాలు ఆపింది. పెదాల మధ్య సూదులు తీసి దిండుకు గుచ్చింది. లేచి వచ్చి సరిగ్గా అతని ముఖానికి ఎదురుగా కూర్చుంది.

"బావా, దీంట్లో నూనె చుక్క వేసి నెల దాటింది."

"అదేంటి, సీసా ఇక్కడే ఉంటుందిగా."

"నేనే దాచేశా. ఇది అరుస్తోంది. వీధి వీధంతా తిట్టుకుంటోంది. నువ్వేమో పక్కన కూర్చుని హాయిగా టీ తాగుతున్నావు."

నెల రోజులు నూనె వెయ్యకుండా మిషను నడపడమంటే ఆమెకి పసిపిల్లకు పాలు పట్టకుండా ఉండటమే. అంత పని చేసిందంటే ఊరికే చెయ్యలేదని బావకి అర్థమైంది. అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. "తొక్కు," అన్నాడు. ఆమె తొక్కింది. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి మిషను మీద ఆనించి చెవికి పెట్టుకున్నాడు. కుడి చెవి, తర్వాత ఎడమ చెవి. ఎక్కడో దూరంగా ఏదో ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది. అప్పుడు అరచెయ్యి మిషను మీద పెట్టాడు. అది కాలుతోంది. చెయ్యంతా జివ్వుమనేలా అదురుతోంది.

బావకి భయం వేసింది. అంత భయం అతనికి ఎప్పుడూ వెయ్యలేదు.

"చాన్నాళ్ళ నుంచీ చూస్తున్నా," అంది ఆమె, పెదాలు కదలడం కనిపించేలా నిదానంగా. "నీ వెనక నిలబడి ఇల్లు అమ్మేస్తున్నా అన్నా, తలూపావు. మా తమ్ముణ్ణి మనింట్లోనే పెట్టేసుకుందాం అన్నా, దానికీ తలూపావు. అప్పుడే నాకు అనుమానం గట్టిపడింది."

"ఇంకేమన్నావు?"

"ఇంకోటి అన్నా. అది ఇప్పుడు చెప్పను."

"మీ తమ్ముడికి చెప్పకు," అన్నాడు బావ. "చెవి లేకపోతే ఆ ఫ్లోర్ మీద నేనెవర్ని? నన్ను తీసుకెళ్ళి స్టోర్లో కూర్చోబెడతారు. నట్లు లెక్కపెట్టుకుంటూ నేను బతకలేను."

"వాడే నాకొచ్చి చెప్పాడు బావా. అత్తగారు నిజంగానే మూలుగుతోందట. నలుగురిలో నీ మాట కాదనలేక నా దగ్గరికొచ్చాడు."

శుక్రవారం పొద్దున్నే బావ అత్తగారి ముందు నిలబడ్డాడు. స్క్రూడ్రైవరు తియ్యలేదు. గేరు పెట్టె పక్కనున్న పెద్ద బేరింగు మీద అరచెయ్యి పెట్టాడు. లోపల ఏదో రాళ్ళు నలుగుతున్నట్టు చేతికి తెలిసింది. ఇన్నాళ్ళూ ఈ చెయ్యి పక్కనే ఉండగా చెవిని నమ్ముకుని కూర్చున్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

వెంటనే మనసు ఒక దొంగదారి చూపించింది. వచ్చే గురువారం దాకా ఊరుకుంటే చాలు. ఆపు పూట ఎప్పట్లాగే విప్పి, చడీచప్పుడు లేకుండా కొత్తది వేసెయ్యొచ్చు. చెవి సంగతి ఇల్లు దాటదు, తన పేరు తనకుంటుంది. మరి అది గురువారం దాకా ఆగుతుందా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పేది చెవే. ఆ చెవే ఇప్పుడు లేదు.

బావమరిదిని చెయ్యి ఊపి పిలిచి స్క్రూడ్రైవరు అతని చేతిలో పెట్టాడు. ఇన్నేళ్ళలో దాన్ని ఇంకొకరి చేతికివ్వడం అదే మొదలు. బావమరిది దాన్ని చూసి, బావ ముఖం చూసి, చెవికి పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడే మనిషి ముఖంలో నవ్వన్నది లేదు.

"గురువారం దాకా ఆగుతుందా?" అన్నాడు బావ.

బావమరిది అడ్డంగా తలూపాడు. "ఇవాళ గడవడమే కష్టం బావా."

బావ మేనేజరుగారి కోసం వెళ్ళాడు. ఆయన ఫ్లోర్ మీదే ఉన్నారు, లారీలకి సరుకు లెక్క చూసుకుంటూ. "అత్తగారిని ఇప్పుడే ఆపాలండీ," అన్నాడు. తన నోటితో తను ప్లానులో లేని ఆపు అడగడం బావకి ఇదే మొదటిసారి.

"నిన్ననే కదా బావగారూ బాగుందన్నారు," అన్నారాయన.

బావ దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకుండా గొంతు బాగా తగ్గించి చెప్పాడు. "నిన్న నాకు వినపడలేదండీ. చాన్నాళ్ళుగా నాకు సరిగా వినపడట్లేదు."

తగ్గించాననుకున్నది అతనొక్కడే. ఆ మాట అన్ని యంత్రాల రొదనీ దాటి ప్యాకింగు చివరిదాకా వెళ్ళింది. సబ్బులు సర్దుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. డ్రైవరు ఒకడు టీ తాగుతూ అలాగే ఉండిపోయాడు. అందరి ముఖాలూ తనవైపు తిరిగి ఉండటం చూశాక గానీ తను ఎంత గట్టిగా చెప్పాడో బావకి తెలియలేదు. ఇక దాచడానికేమీ మిగల్లేదు కాబట్టి తలెత్తుకునే నిలబడ్డాడు, చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

మేనేజరుగారు సరుకు లెక్క కాగితం మడిచేశారు. "ఆపండి," అన్నారు.

ఉన్నపళంగా ఆపలేదు. పైనుంచి సబ్బు వెయ్యడం మానేసి, లోపలున్నదంతా కడ్డీగా బయటికి వచ్చేదాకా నెమ్మదిగా తిప్పి, అప్పుడు ఆపారు. బేరింగు విప్పితే గోళీలన్నీ గుంటలు పడి ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే రేకు చీలిపోయి ఒక ముక్క వేలాడుతోంది. దాన్ని చూసి బావమరిది నోరు చప్పరించాడు. కొత్త బేరింగు స్టోర్లో సిద్ధంగా ఉంది, ఎందుకంటే అది ఎప్పుడూ ఉండేలా చూసేది బావే. సాయంత్రానికి అత్తగారు మళ్ళీ తిరిగింది. బావమరిది స్క్రూడ్రైవరు పెట్టి విని, "బాగుంది," అని బావకి కనబడేలా బొటనవేలు చూపించాడు.

అప్పుడు బావ చేతులు తుడుచుకుంటూ మేనేజరుగారి దగ్గరికొచ్చాడు. "ఇంకొకటి మార్చాలండీ."

"ఏది?"

"నన్ను."

"అదేంటి బావగారూ, మీరు బాగానే ఉన్నారు కదా."

"బాగా తిరుగుతుండగానే మార్చాలండీ. కూలబడ్డాక మార్చడం మా బావమరిది పద్ధతి."

మేనేజరుగారు పగలబడి నవ్వారు. నవ్వాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, ఎందుకో ఆయనకే తెలియాలి. బావని స్టోర్లో కూర్చోబెట్టలేదు. గ్రీజూ, గురువారం ఆపూ అతని దగ్గరే ఉన్నాయి. వినే పని మాత్రం బావమరిదికి వచ్చింది. బీరువాలో నిద్రపోతున్న మీటరు కూడా బయటికొచ్చింది. అది చెప్పేదీ, స్క్రూడ్రైవరు చెప్పేదీ, బావ అరచెయ్యి చెప్పేదీ ఒకటైతేనే "బాగుంది" అనాలని కొత్త నియమం పెట్టుకున్నారు. పాపం బావమరిది పరిస్థితే అన్యాయమైపోయింది. చెడిపోతే బాగుండని తను ఎదురుచూసే యంత్రాల్ని తనే చెడిపోకుండా కాపాడుకోవాల్సి వచ్చింది. చప్పట్లు కొట్టించుకునే యోగం పోయిందని క్యాంటీన్‌లో ఇప్పటికీ వాపోతుంటాడు.

బావ డాక్టరు దగ్గరికెళ్ళి చెవికి చిన్న మిషను పెట్టించుకున్నాడు. అది పెట్టుకుని ఇంటికొచ్చిన మొదటి గురువారం ఆమె ఆవేళకి కుట్టుపని కట్టిపెట్టింది. నెలల బాకీ తీర్చుకుంది. గుండుసూదుల మధ్య నుంచి గొణిగినవన్నీ ఒక్కొక్కటే, ఈసారి నోరు ఖాళీగా పెట్టుకుని, మొదటినుంచీ చెప్పింది. అతను తప్పించుకోవడానికి చోటు లేదు, అన్నీ వినబడుతున్నాయి. అయిపోయాక, "ఆ రోజు వెనక నిలబడి ఇంకోటి అన్నానన్నావు, ఏంటది?" అని అడిగాడు.

"అప్పుడు వినాల్సింది," అంది ఆమె. ప్రతి గురువారం అడిగాడు. ప్రతి గురువారం అదే జవాబు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అతను కుట్టుమిషను మీద వంగి నూనె వేస్తున్నాడు. సీసా మొన ఒక్కో రంధ్రం దగ్గర ఆనించి చుక్కచుక్కగా. ఆమె వెనకాల గుడ్డలు మడతపెడుతోంది. మడతలు ఆగాయి. తర్వాత ఆమె గొంతు, తనలో తను అనుకుంటున్నంత మెల్లగా, అతని చెవిలోని చిన్న మిషనులోంచి వచ్చింది.

"నీతో పోట్లాడకపోతే నాకు వారం గడవదు బావా. నీకు వినపడకపోతే నేనెవరితో పోట్లాడను?"

ఇన్ని గురువారాలు అడిగినా చెప్పని మాట అదేనని అతనికి అర్థమైంది. వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇక ఎప్పటికీ ఆ మాట అనదని అతనికి తెలుసు. అందుకని తిరగలేదు. అప్పట్లో ఏమీ వినపడనప్పుడు ఊపినట్టే, ఊరికే తల ఊపాడు. చేతిలో సీసా మాత్రం కాస్త కదిలింది, నూనె పోయి ఎవరో కుట్టమని ఇచ్చిన కొత్త గుడ్డ మీద పడింది.

ఆమె అది చూసింది. ఆవేళ గురువారం కాదు, అయినా మొదలుపెట్టింది. అతను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, ఒక్క ముక్క పోకుండా మొత్తం విన్నాడు.